బస్సు లెక్క వేరు, మనిషి లెక్క వేరు

సిటీ ట్రాన్స్‌పోర్ట్ బీట్ నా చేతికొచ్చిన కొత్తలో ఒక వార్త దగ్గర బాగా ఇరుక్కున్నా. బస్ స్టాప్‌లో జనాన్ని అడిగితే "అరగంట నుంచి చూస్తున్నాం, ఒక్క బస్సూ లేదు" అన్నారు. ఆఫీసుకెళ్ళి అడిగితే అక్కడి అధికారి రిజిస్టర్ తిప్పి చూపించి "ఆ రూట్లో గంటకి 6 బస్సులు తిరుగుతున్నాయండీ, అంటే 10 నిమిషాలకొకటి, ఒక్క ట్రిప్పు కూడా క్యాన్సిల్ కాలేదు, కావాలంటే షీట్లు చూసుకోండి" అన్నాడు. ఇద్దర్లో ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నారనుకున్నా, రిపోర్టర్ అన్నాక జనం వైపు ఉండాలి కాబట్టి అబద్ధం ఆఫీసుదే అని మనసులో ఫిక్సయిపోయి అలాగే రాసేశా. నిజానికి ఇద్దరూ నిజమే చెప్పారు. ఎలాగో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది, అది అర్థమయ్యాక మాత్రం ఈ బీట్‌లో మిగతా ముడులు కూడా ఒక్కొక్కటిగా విడిపోవడం మొదలైంది.

ఒకరోజు అదే స్టాప్‌కి వెళ్ళి, బస్సు వచ్చినప్పుడల్లా టైం నోట్‌బుక్‌లో రాసుకుంటూ గంటసేపు నిలబడ్డా. మొదటి బస్సు రావడానికి 30 నిమిషాలు పట్టింది. దాని వెనకాల 2 నిమిషాలకి రెండోది, ఇంకో 2 నిమిషాలకి మూడోది. తర్వాత 22 నిమిషాలు ఏమీ లేదు. మళ్ళీ వరసగా మూడు, రెండేసి నిమిషాల తేడాతో. మొత్తం కలిపితే గంటకి సరిగ్గా 6 బస్సులు, ఆఫీసాయన చెప్పినట్టే, సగటు గ్యాప్ 10 నిమిషాలే. కానీ స్టాప్‌కొచ్చే మనిషి వైపు నుంచి చూడండి. 60 నిమిషాల్లో 52 నిమిషాలు ఆ రెండు పెద్ద గ్యాపులే మింగేశాయి కదా, అంటే వాచీ చూసుకోకుండా ఇంట్లోంచి బయల్దేరిన 60 మందిలో 52 మంది వచ్చి పడేది ఆ పెద్ద గ్యాపుల్లోనే, చిన్న గ్యాపుల్లోకి వచ్చే అదృష్టం 8 మందికే. బస్సులు సమానంగా వచ్చుంటే సగటున 5 నిమిషాలు నిలబడాల్సిన జనం ఇప్పుడు దాదాపు 12 నిమిషాలు నిలబడుతున్నారు. ఒక్క బస్సు కూడా తగ్గలేదు, ఒక్క ట్రిప్పు కూడా ఎగ్గొట్టలేదు, ఎదురుచూపు మాత్రం రెండింతలు దాటిపోయింది. స్టాటిస్టిక్స్ వాళ్ళకి ఇది పాత విషయమే, ఇన్‌స్పెక్షన్ పారడాక్స్ అంటారు. కానీ స్టాప్‌లో నిలబడి కాళ్ళు నొప్పెట్టేదాకా ఆ పేరుకి అర్థమేంటో నాకు తెలీలేదు.

రద్దీ విషయంలో కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒక బస్సులో 90 మంది, దాని వెనకాల వచ్చిన దాంట్లో 10 మంది ఉన్నారనుకోండి, ఆఫీసు లెక్కలో సగటు 50, అంటే సీట్లు సరిపోయినట్టే. ఆ వందమందినీ విడివిడిగా పట్టుకుని "మీ బస్సులో ఎంతమంది ఉన్నారు" అని అడిగితే 90 మంది "ఊపిరాడలేదు" అంటారు, ప్రయాణికుల లెక్కలో సగటు 82 వస్తుంది. బస్సుల్ని లెక్కపెడితే 50, మనుషుల్ని లెక్కపెడితే 82. సగం ఖాళీగా తిరుగుతున్నాయని ఆఫీసు అంటే, వేలాడుతూ పోతున్నామని జనం అంటారు, టీవీ డిబేట్‌లో ఇద్దరూ అరుచుకుంటారు, ఎవరి లెక్కా తప్పు కాదు, కాకపోతే మనిషిని లెక్కపెట్టే రిజిస్టర్ ఆఫీసులో లేదు.

మరి బస్సులు ఎందుకు గుంపుగా వస్తాయి? నేను మొదట్లో డ్రైవర్ల నిర్లక్ష్యం అని రాశా, టెర్మినల్లో కబుర్లు చెప్పుకుని అందరూ ఒకేసారి బయల్దేరతారని ఎవరో అంటే నమ్మేశా. అలా రాసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ వార్త చదివిన ఒక డ్రైవర్ టెర్మినల్ దగ్గర నన్ను పట్టుకుని, కోపంగా కాదు, చాలా ఓపిగ్గా చెప్పాడు. "ఒక సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగిపోతే చాలు సార్. తర్వాతి స్టాప్‌లో నాకోసం రెండు నిమిషాల జనం ఎక్కువ ఉంటారు, వాళ్ళు ఎక్కేసరికి ఇంకాస్త లేటు, ఆ తర్వాతి స్టాప్‌లో ఇంకా ఎక్కువ జనం. నా వెనకాల వచ్చేవాడికి ఎక్కేవాళ్ళే ఉండరు, ఎక్కడా ఆగక్కర్లేదు, అందుకని వచ్చి నాకు తగులుకుంటాడు. మేం కావాలని చేసేదేం లేదు, కలవకుండా ఉండాలంటేనే కష్టం సార్" అన్నాడు. అదే మాటని గోర్డన్ న్యూవెల్, రెన్‌ఫ్రీ పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1964 లోనే లెక్కలు కట్టి చూపించారని తర్వాత తెలిసింది. సమాన దూరంలో నడిచే బస్సులు అనేవి మొన మీద నిలబెట్టిన పెన్సిల్ లాంటివి, చిన్న కుదుపు చాలు పడిపోడానికి, పడ్డాక వాటంతట అవి లేవవు.

అందుకే దీనికి మందు డ్రైవర్ మీద మెమో ఇవ్వడంలో లేదు, స్టాప్‌లో బస్సు ఆగే సమయాన్ని తగ్గించడంలో ఉంది. బ్రెజిల్‌లోని కురిచీబా నగరం 1974 లో బస్సులకి విడిగా దారి ఇచ్చింది, 1991 లో గొట్టాల్లాంటి స్టేషన్లు కట్టింది. టికెట్ లోపలికి వెళ్ళేటప్పుడే తీసుకుంటారు, ప్లాట్‌ఫామ్ బస్సు ఫ్లోర్‌కి సమానంగా ఉంటుంది, అన్ని తలుపుల్లోంచీ ఒకేసారి ఎక్కుతారు. కొలంబియా రాజధాని బొగోటా 2000 లో ట్రాన్స్‌మిలేనియో పేరుతో అదే పద్ధతిని చాలా పెద్ద ఎత్తున తెచ్చింది. బయట్నుంచి చూసేవాళ్ళకి అవి ఆర్కిటెక్చర్ ముచ్చట్లలాగా కనిపిస్తాయిగానీ అక్కడ అసలు కొంటున్నది సెకన్లు, ఒక్కో స్టాప్‌లో మిగిలిన సెకన్లే గుంపు కట్టకుండా ఆపేది. ఇంకో పద్ధతి ఏంటంటే ముందున్న బస్సుకి మరీ దగ్గరగా వచ్చేసిన బస్సుని ఒక స్టాప్‌లో కాసేపు ఆపి ఉంచడం. లోపల కూర్చున్నవాళ్ళకి ఒళ్ళు మండుతుంది, ఖాళీ రోడ్డుంటే ఎందుకు ఆపాడని తిడతారు, తర్వాతి స్టాపుల్లో నిలబడ్డవాళ్ళకి మాత్రం అదే మేలు. ఇద్దరికీ ఒకేసారి మేలు చేసే దారి లేదు, ఈ సంగతి జనానికి విడమర్చి చెప్పాల్సింది మాలాంటివాళ్ళే.

లండన్ వాళ్ళు చేసిన పని మాత్రం నాకు బాగా నచ్చింది. గంటకి 5 లేదా అంతకంటే ఎక్కువ బస్సులు తిరిగే రూట్లలో టైంటేబుల్ ప్రకారం వచ్చిందా లేదా అని చూడటం మానేసి, బస్సులు సమానంగా వచ్చుంటే జనం ఎంతసేపు నిలబడాలి, నిజంగా ఎంతసేపు నిలబడ్డారు, ఆ తేడాని కొలుస్తారు. 2001 నుంచి బస్సులు నడిపే కంపెనీలకి ఇచ్చే బోనస్సులూ కోతలూ దాన్నిబట్టే. అంటే స్టాప్‌లో నిలబడ్డ మనిషి వాచీనే ఆఫీసు వాచీ చేశారన్నమాట. కొలిచేది మారితే కంట్రోల్ రూంలో కూర్చున్నవాళ్ళు చూసేది కూడా మారుతుంది.

ఇక రోడ్డు సంగతి. ట్రాఫిక్ జామ్ వార్తలు నేను కొన్ని వందలు రాసుంటా, ప్రతిదాంట్లో ఒక కారణం వెతికేవాణ్ణి, యాక్సిడెంటో, గుంతో, పాడైపోయి ఆగిన లారీనో. జపాన్‌లో యుకి సుగియామా బృందం 2008 లో ప్రచురించిన ప్రయోగం చదివాక ఆ వెతుకులాట తగ్గింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లు, అందరూ గంటకి 30 కిలోమీటర్ల స్పీడ్‌లో సమానంగా నడపాలి, అంతే. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డమొచ్చేవాళ్ళు లేరు. కాసేపటికి ఎవరో కొంచెం బ్రేక్ నొక్కారు, వెనకవాళ్ళు ఇంకొంచెం గట్టిగా నొక్కారు, అలా కార్లు పూర్తిగా ఆగిపోయే జామ్ ఒకటి పుట్టి ట్రాక్ మీద వెనక్కి పాకుతూ వెళ్ళింది. అక్కడ తప్పు చేసినవాళ్ళంటూ ఎవరూ లేరు, ఆ కాస్త చోటులో అన్ని కార్లుండటమే కారణం. డ్రైవర్ చెప్పిన బస్సుల కథే ఇదీను, చిన్న కుదుపు వెనక్కి పోయేకొద్దీ పెద్దదవుతుంది.

"చోటు చాలకపోతే రోడ్డు పెంచండి" అంటారు ఎవరైనా. నేనూ అన్నా, ఫ్లైఓవర్ ఓపెనింగ్ వార్తలు ఎంత ఉత్సాహంగా రాశానో. ఆంథనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1962 లోనే చెప్పాడు, పీక్ అవర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే ఎంత వెడల్పు చేస్తే అంత నిండుతుందని. 2011 లో జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల్లోని ఇంటర్‌స్టేట్ హైవేల లెక్కలు తీసి చూస్తే రోడ్డు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరిగింది. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేని 2008 కల్లా సర్వీస్ రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్లదాకా పెంచారు, కొన్నేళ్ళకే పీక్ అవర్ ప్రయాణానికి పట్టే సమయం మళ్ళీ పెరగడం మొదలైంది. ఇందులో మాయేం లేదు. జామ్‌కి భయపడి ట్రిప్పు మానుకున్నవాళ్ళు, వేరే టైంలో వెళ్ళేవాళ్ళు, బస్సెక్కేవాళ్ళు, దగ్గర్లోనే ఇల్లు వెతుక్కునేవాళ్ళు, వీళ్ళందరూ కనపడని క్యూ. రోడ్డు ఖాళీ అయిందని తెలియగానే ఆ క్యూ కదులుతుంది. రోడ్డు మీద ఉన్న కార్లనే లెక్కపెట్టిన సర్వేకి ఆ క్యూ కనపడదు.

కొత్త రోడ్డు అసలే వద్దని నేను అనట్లేదు. కొత్తగా తిరిగే ఆ జనానికి కూడా ఏదో ఉపయోగం ఉండబట్టే కదా తిరుగుతున్నారు. "జామ్ పోతుంది" అనే మాట మీదే నా పేచీ, ఆ మాట చెప్పి డబ్బు ఖర్చుపెట్టి తర్వాత జామ్ పోకపోతే ఇంకో లేన్ అడగడం మీద.

బస్సు లేన్ల గొడవ కూడా ఇక్కడే ఉంది. ఒక లేన్ బస్సులకి ఇచ్చినప్పుడల్లా నాకు ఫొటోలొస్తాయి, చూడండి పక్కన మేం ఇరుక్కుపోయి ఉంటే ఆ లేన్ ఎంత ఖాళీగా ఉందో అని. ఫొటో నిజమే. నిమిషానికో బస్సు వెళ్ళే లేన్‌లో ఎప్పుడు ఫొటో తీసినా ఎక్కువసార్లు ఖాళీ తారే కనిపిస్తుంది, ఎందుకంటే ఒక బస్సు మన ముందు నుంచి దాటడానికి పట్టేది కొన్ని సెకన్లే. కానీ నిమిషానికి ఒక బస్సు, బస్సుకి 60 మంది అనుకుంటే గంటకి 3,600 మంది ఆ ఖాళీ లేన్‌లోంచి వెళ్ళిపోయారు. సిగ్నళ్ళున్న సిటీ రోడ్డు మీద పక్క లేన్‌లో బంపర్‌కి బంపర్ తగిలేలా కదిలేవి గంటకి వెయ్యి కార్లకి లోపే, కారుకి ఒకరో ఇద్దరో. కిక్కిరిసి కనపడే లేన్ తక్కువ మందిని మోస్తోంది, ఖాళీగా కనపడేది ఎక్కువ మందిని. ఇది ఫొటోలో పట్టుకోవడం ఎలాగో మా ఫొటోగ్రాఫర్‌కీ నాకూ ఇప్పటికీ తెగలేదు, చివరికి ఒక సెంటర్‌లో గంటసేపు నిలబడి తలలు లెక్కపెట్టి ఆ రెండు అంకెలే పెద్దగా వేశాం.

రోడ్డు తీసేసిన ఊళ్ళు కూడా ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంబార్కడెరో ఫ్రీవే 1989 భూకంపంలో దెబ్బతింటే 1991 లో కూల్చేశారు, ఇప్పుడక్కడ సముద్రం ఒడ్డున ట్రామ్ లైనూ, నడిచే దారీ ఉన్నాయి. సియోల్‌లో చోంగ్యెచోన్ వాగు మీద కట్టిన ఎలివేటెడ్ హైవేని 2003 లో పడగొట్టడం మొదలుపెట్టి 2005 కల్లా వాగుని బయటికి తెచ్చారు. రెండో కథ చెప్పేటప్పుడు చాలామంది ఒక ముక్క వదిలేస్తారు, 2004 లో ఆ నగరం తన బస్సు వ్యవస్థ మొత్తాన్ని మార్చేసింది, రోడ్డు మధ్యలో బస్సు లేన్లు వేసింది. ఆ ముక్క లేకుండా వాగు ఫొటోలు మాత్రం చూపిస్తే కథ సగమే.

మరి జనం ఎందుకు వ్యతిరేకిస్తారు? స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ కథ నాకు ఒక పాఠంలా మిగిలిపోయింది. 2006 జనవరి నుంచి జూలై చివరిదాకా నగరం నడిబొడ్డుకి వచ్చే వాహనాల మీద ట్రయల్‌గా ఛార్జ్ పెట్టారు. మొదలుపెట్టే ముందు మెజారిటీ జనం వద్దన్నారు, పత్రికల్లో కూడా వ్యతిరేకంగానే రాశారు. పెట్టాక ఆ నడిబొడ్డు హద్దు దాటే వాహనాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి, ట్రయల్ ఆపగానే మళ్ళీ పెరిగాయి, అంటే జనం రెండు రకాలుగానూ బతికి చూశారు. సెప్టెంబర్‌లో రెఫరెండం పెడితే నగరవాసుల్లో మెజారిటీ సరే అన్నారు, 2007 ఆగస్టులో పర్మనెంట్ చేశారు. అయితే చుట్టుపక్కల మున్సిపాలిటీల్లో కొన్ని కూడా ఓటింగ్ పెట్టుకున్నాయి, అక్కడ వద్దన్నవాళ్ళే ఎక్కువ. డబ్బు కట్టేది వాళ్ళు, గాలి మెరుగయ్యేది లోపల ఉన్నవాళ్ళకి, వాళ్ళ కోపాన్ని తీసిపారేయలేం. సింగపూర్ 1975 లోనే ఇలాంటిది మొదలుపెట్టింది, లండన్ 2003 లో, న్యూయార్క్ 2025 జనవరిలో. అన్నిచోట్లా గొడవ ఇంచుమించు ఒకటే. మా వృత్తిలో లోపం ఏంటంటే గొడవ రోజున అందరం ఉంటాం, ఏడాది తర్వాత అదే మనిషిని వెతికి ఇప్పుడేమంటావ్ అని అడిగేవాళ్ళు ఉండరు.

అంచనాల విషయంలో కూడా అంతే. కొత్త రైలు లైన్ ప్రెస్‌మీట్‌లో రోజుకి ఇన్ని లక్షలమంది ఎక్కుతారని ఒక అంకె ఇస్తారు, మర్నాడు అన్ని పేపర్లలో అదే హెడ్డింగ్. డెన్మార్క్‌కి చెందిన బెంట్ ఫ్లూబియా అనే పరిశోధకుడు, మరో ఇద్దరితో కలిసి 14 దేశాల్లో 210 ప్రాజెక్టుల లెక్కలు తీసి 2005 లో ప్రచురించారు. రైలు ప్రాజెక్టుల్లో పదింట తొమ్మిదింటికి ప్రయాణికుల అంచనా ఎక్కువేశారు, సగటున 106 శాతం ఎక్కువ, అంటే చెప్పినదాంట్లో సగం మంది కూడా రాలేదు. రోడ్లకీ తప్పాయి, అయితే అవి రెండు వైపులకీ తప్పాయి. అది చదివాక నేను ఒక ఫైల్ పెట్టుకున్నా, ప్రెస్‌మీట్‌లో విన్న ప్రతి అంకె, చెప్పిన తేదీతో సహా అందులో రాసిపెట్టుకుంటా. ప్రెస్‌మీట్లలో ఈమధ్య నన్ను చూస్తే కొంతమంది కొంచెం జాగ్రత్తగా మాట్లాడతారు.

లెక్కలోకి రానివాళ్ళలో నన్ను ఎక్కువ కదిలించింది ఆడవాళ్ళ ప్రయాణాలు. సర్వే ఫారాల్లో ఉద్యోగానికి వెళ్ళడం ఒక పెద్ద గడి, మిగతావి చిన్న చిన్న గడులు. స్పెయిన్‌కి చెందిన ఇనెస్ సాంచెజ్ దె మదరియాగా అనే ప్రొఫెసర్ ఒక మాట అన్నారు, పిల్లల్ని స్కూల్లో దింపడం, పెద్దవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళడం, ఇంటికి సరుకులు తేవడం, ఇవన్నీ వేర్వేరు గడుల్లో చెల్లాచెదురు అయిపోతున్నాయి, కలిపి చూస్తే ఉద్యోగ ప్రయాణాలకి దీటుగా నిలబడతాయి అని. ఒక స్టాప్‌లో ఒకావిడ నాతో "పొద్దున్నుంచి నాలుగు బస్సులెక్కా, ఎక్కడికీ వెళ్ళినట్టే లేదు" అంది. పిల్లని స్కూల్లో దించి, అత్తగారి మందులు తెచ్చి, పనికెళ్ళి, మళ్ళీ పిల్ల కోసం వస్తోంది. ఆమె తిరిగిన దారి నగరం నడిబొడ్డు వైపు లేదు, పక్కకి, అడ్డంగా ఉంది, ఆ అడ్డదారుల్లో బస్సులు గంటకొకటి. బస్సు మారే ప్రతిచోటా ఆ 52 నిమిషాల లెక్క ఆమెకి మళ్ళీ మొదటి నుంచి.

ఈమధ్య నేను వెంటపడుతున్నది రాత్రి ఆఖరి బస్సు సంగతి. ఒక రూట్లో పదిన్నర ట్రిప్పు తీసేశారు, కారణం అడిగితే రోజుకి నలుగురో ఐదుగురో ఎక్కుతున్నారని, డీజిల్ కూడా రాదని చెప్పారు. ఆ నలుగురితో కలిసి నేను ఆఖరి వారం ప్రయాణం చేశా, ఆస్పత్రిలో వార్డులు తుడిచే ఆమె, ఇద్దరు సెక్యూరిటీ గార్డులు, వంటపని చేసే కుర్రాడు. ఇప్పుడు వాళ్ళలో ఇద్దరు నడుస్తున్నారు, ఒకతను పని మానేశాడు. అయితే అంతకు ముందున్న తొమ్మిదిన్నర బస్సులో రోజూ వెళ్ళేవాళ్ళు కూడా తగ్గారు. ఎందుకని అడిగితే ఒకాయన చెప్పాడు, "ఈ బస్సు తప్పితే వెనకాల ఇంకోటుందనే ధైర్యంతో ఇన్నాళ్ళూ దీనికి వచ్చేవాణ్ణి, ఇప్పుడు పని కాస్త లేటైతే ఇంక రాత్రంతా ఇక్కడే, అందుకే బండి కొనుక్కున్నా" అని. పదిన్నర బస్సు ఎన్నడూ ఎక్కని మనిషి ఆయన, ఏ షీటులోనూ ఆ ట్రిప్పు కింద ఆయన పేరు లేదు. మొన్న ఆఫీసుకి వెళ్తే తొమ్మిదిన్నర ట్రిప్పుకి కూడా జనం లేరని ఫైల్ కదులుతోంది, నా నోట్‌బుక్‌లో రాసుకున్నవన్నీ ఫెయిర్ చేసి ఆ ఫైల్‌తోపాటు పెట్టమని ఇచ్చొచ్చా.